ఎర్ర ఉన్ని తాడు

కొత్త పోలీసు కారు కప్పుకు చిల్లు పెట్టే ముందు ఓయ్వా టోపీ తీసి పక్కన పెట్టేవాడు. చర్చిలో కూడా ఆయన అంత భక్తిగా టోపీ తీయగా తాను చూడలేదని భార్య సైమి దెప్పేది. నిగనిగలాడే కప్పు, ప్రభుత్వం సొమ్ము. దాని నట్టనడుమ డ్రిల్లు ఆనించాలంటే ఎవరికైనా చెయ్యి వణుకుతుంది. ఓయ్వాకు వణికేది కాదు. చిల్లు పడ్డాక కప్పు లోపలివైపు పెయింటును గరుకు కాగితంతో గీకి గీకి, వట్టి ఇనుము తెల్లగా మెరిసేదాకా వదిలేవాడు కాదు. వైర్‌లెస్ యాంటెన్నా మొదలు ఆ ఇనుముకు ఆనాలి. అప్పుడే మాట దూరం పోతుంది. పెయింటు మీదే బిగించేసి చేతులు దులుపుకునేవాళ్ళంటే ఆయనకు ఒళ్ళుమంట.

"అది యాంటెన్నా కాదురా నాయనా, జెండా కర్ర. సెలవు రోజున జెండా ఎగరేసుకోండి" అనేవాడు.

ఉత్తరాన మా కైనూ సీమ అడవుల్లో ఊరికీ ఊరికీ మధ్య మనిషి కనబడడు. చలికాలంలో మధ్యాహ్నం కాఫీ తాగి లేచేసరికే చీకటి పడుతుంది. కారులో వైర్‌లెస్ సెట్టు పలికినంతసేపే పోలీసు పోలీసు. అది మూగబోతే వాడూ దారి తప్పిన మనిషే. అందుకే ఏ కారుకు ఏ యాంటెన్నా పెట్టాలో, ఎక్కడ పెట్టాలో ఓయ్వా పెళ్ళిసంబంధం చూసినంత పట్టింపుగా చూసేవాడు. మఫ్టీవాళ్ళ కారుకు పాటల రేడియో కడ్డీలా కనబడేది ఎంచేవాడు. కొండల మధ్య తిరిగే కారుకు పొడుగాటిది. తన పని గురించి గర్వం ఉండేది, దాన్ని దాచుకునేవాడూ కాదు. మంచివాడే, కానీ ఆ ఒక్క విషయంలో మహా మొండిఘటం.

కూతురు హెల్వి కోర్పివార పోలీసు స్టేషన్‌లో పనిచేసేది. టెలిఫోనూ వైర్‌లెస్సూ ఆమె బల్ల మీదే ఉండేవి. అల్లుడు ఇల్పో అదే స్టేషన్‌లో పోలీసు. ఆ స్టేషన్ షెడ్డు ఒకప్పుడు గుర్రాలది. తలుపు పొట్టి. కారు లోపలికి పోతుంది గానీ కప్పు మీద నిలబడ్డ యాంటెన్నా కడ్డీ పోదు. చలికి కారు బయట వదిలేస్తే మళ్ళీ స్టార్టు కాదు. కాబట్టి లోపల పెట్టిన ప్రతిసారీ ఆ వంగే స్టీలు కడ్డీని విల్లులా వంచి, కొసకు తాడు కట్టి, కప్పు అంచున ఉన్న కొక్కేనికి బిగించాలి. బయటికి తీశాక విప్పాలి.

"మావగారూ, మీ పుణ్యమా అని రోజూ మంచులో దిగి ఆ కడ్డీతో కుస్తీ పడుతున్నాను. వెనక డిక్కీ పక్కన పెట్టేయండి, పీడా పోతుంది" అన్నాడు ఇల్పో, కారు కొత్తగా వచ్చిన శీతాకాలంలో.

"వెనక పెడితే ముందుకి బానే పలుకుతుంది, వెనక్కి సగం చచ్చిపోతుంది. నీకు సాయం ఏ దిక్కునుంచి కావాల్సొస్తుందో ఇప్పుడే తెలుసా నీకు?"

"తెలీదనుకోండి. కానీ తలుపు..."

"తలుపు పొట్టిదైతే తలుపు కోయించండి. నా యాంటెన్నా మాత్రం కొయ్యను."

"పోనీలే ఇల్పో, నాన్నతో వాదించి గెల్చినవాడు ఇంకా పుట్టలేదు" అంది హెల్వి నవ్వుతూ.

తలుపు ఎత్తు పెంచమని స్టేషన్‌వాళ్ళు పైకి రాశారు. వచ్చే ఏడాది చూద్దామన్నారు. ఆ వచ్చే ఏడాది రావడానికి ఏళ్ళు పట్టింది. ఈలోగా హెల్వి, మొగుడి చేతితొడుగులు అల్లగా మిగిలిన ఎర్ర ఉన్నిని జడలా అల్లి ఆ కడ్డీకి తాడు చేసింది. చిన్నప్పుడు వలలు బాగుచేసేటప్పుడు తండ్రి నేర్పిన ముడే దానికి వేసేది. స్టేషన్‌లో ఒక పద్ధతి ఏర్పడిపోయింది: కడ్డీ ఎవరు కట్టారో వాళ్ళే విప్పాలి. ఒకరు కడితే ఇంకొకరు దాని జోలికి పోయేవారు కాదు, తలెత్తి చూసేవారు కూడా కాదు.

ఒక ఏడాది ఫిబ్రవరిలో ఇల్పో ఒకరోజు భోజనానికి స్టేషన్‌కు వచ్చాడు. చేతులు కొంకర్లు పోయాయంటే, "నువ్వు లోపలికెళ్ళి సూప్ తాగు, నేను కడతాలే" అని హెల్వి బయటికి వెళ్ళి కడ్డీ కట్టింది. కారును షెడ్డులో పెట్టింది. సూప్ గిన్నె ఖాళీ అవుతుండగా ఆమే కారును మళ్ళీ బయటికి తీసి పెట్టింది, అంతలోనే లోపల ఫోను మోగింది. సరస్సు మీద మంచు విరిగి ఒక ముసలాయన నీళ్ళలో పడ్డాడని ఆయన భార్య ఏడుస్తోంది. హెల్వి ఫోను వదల్లేక కిటికీలోంచే చేత్తో సైగ చేసింది, పో, పో అని. ఇల్పో పరుగెత్తి కారెక్కాడు. కట్టింది హెల్వి గనక విప్పేసే ఉంటుందనుకున్నాడు.

ముసలాయనను పక్కింటివాళ్ళే పైకి లాగేశారు, బతికాడు. ఇల్పో మాత్రం సరస్సు దాకా చేరలేదు. అడవి దారి మలుపులో కారు జారి పైన్ చెట్టును గుద్దుకుంది. కాళ్ళు ఇరుక్కుపోయాయి. దెబ్బ ప్రాణం తీసేది కాదు, చలి తీసింది. స్టేషన్‌లో హెల్వి బల్ల మీది సెట్టులో గరగరమని చప్పుడు వచ్చింది, ఆగింది, మళ్ళీ వచ్చింది. మాట తెలియలేదు. మంచు తుఫాను గోల అనుకుంది. "అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి" అంటూ కూర్చుంది. కలప లారీవాడు కారును చూసి వార్త తెచ్చేసరికి అంతా అయిపోయింది.

సెట్టు ఎందుకు పలకలేదో చూడమని మర్నాడు ఉదయం ఓయ్వాను పిలిచారు. జిల్లా పోలీసు అధికారి హన్నికైనెన్ దారి పక్కనే తన కారులో కూర్చుని అద్దాల మంచు గీకుతున్నాడు. ఓయ్వా ఒక్కడే చెట్టు దగ్గరికి నడిచాడు. కారు కప్పు మీద మోకాలి లోతు మంచు పేరుకుంది. చేత్తో తోశాడు. కింద కడ్డీ పడుకుని ఉంది. కొసకు ఎర్ర తాడు, కొక్కేనికి బిగించి ఉంది. ముడి చూడగానే పోల్చుకున్నాడు. ఆ ముడి వేయడం కూతురికి నేర్పింది ఆయనే. ఇనుప కప్పుకు అతుక్కుపోయినట్టు వంగి ఉన్న కడ్డీలోంచి ఏ మాటా బయటికి పోదు. పోయినా గరగరే. ఆ సంగతి ఓయ్వాకు ఒకరు చెప్పక్కర్లేదు.

ఆయన అప్పుడు ఏడ్చాడు. నోట్లోకి చేతితొడుగు కుక్కుకుని ఏడ్చాడు. తర్వాత దాన్ని పక్కన పెట్టి, గడ్డకట్టిన ముడిని పళ్ళతో కొరికి విప్పాడు. కడ్డీ ఒక్కసారి లేచి నిలబడి చాలాసేపు ఊగింది. తాడు చేతితొడుగులోకి పోయింది.

"ఏమైంది ఓయ్వా? ఏం దొరికింది?" అంటూ హన్నికైనెన్ వచ్చాడు.

"నేనే. యాంటెన్నా మొదలు దగ్గర పెయింటు గీకలేదు. ఇనుముకి సరిగ్గా ఆనలేదు, గుద్దుకున్న దెబ్బకి విడిపోయింది. మాట పోలేదు."

"నువ్వా? గీకకుండా నువ్వు బిగించావా?"

"ఆ రోజు తొందరలో ఉన్నాను."

హన్నికైనెన్ ఆయన మొహంలోకి చూశాడు. మంచు తోసేసిన కప్పు వంక చూశాడు. అక్కడ యాంటెన్నా ఊడదీసి చూస్తే మెరిసే ఇనుము బయటపడుతుందని ఆయనకూ తెలిసే ఉండాలి. ఎందుకోగాని ఊడదీయలేదు. "సరే, అలాగే రాస్తాను" అన్నాడు. మంచివాడో పిరికివాడో నాకు ఇప్పటికీ తేలలేదు.

హెల్వి వంటింట్లో కూర్చుని ఉంది. తండ్రి బూట్లు విప్పనేలేదు.

"నాన్నా, కడ్డీ కట్టే ఉందా? నిజం చెప్పు. కట్టడం గుర్తుంది నాకు. విప్పడం గుర్తులేదు. ఎంత ఆలోచించినా గుర్తురావట్లేదు."

"లేదమ్మా. నిటారుగా నిలబడి ఉంది."

"మరి ఎందుకు వినబడలేదు?"

"నా పని సరిగ్గా లేదు. పెయింటు గీకకుండా బిగించాను, గుద్దుకోగానే పట్టు వదిలేసింది."

ఆమె లేచింది. కొడుతుందనుకున్నాడు, కొట్టినా బాగుండేది. "ఊరందరికీ చెప్తావు కదా, గీకాలి గీకాలని. నా మొగుడి కారు దగ్గరే బద్ధకించావా? వెళ్ళు నాన్నా. మళ్ళీ ఈ గుమ్మం తొక్కకు" అంది.

ఆయన వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత పోలీసు కార్ల పని ఓయ్వాకు ఇవ్వలేదు. ఊళ్ళో ఇళ్ళ కప్పులెక్కి టీవీ యాంటెన్నాలు బిగించుకుంటూ బతికాడు. వాటి దగ్గర కూడా ఇనుము మెరిసేదాకా గీకేవాడు. కింద నిలబడ్డవాళ్ళు ఒకరినొకరు చూసుకునేవారు, ఇప్పుడు గీకితే ఏం లాభమని. ఒకరిద్దరు ఆయనకు వినబడేలాగే అన్నారు. ఆయన గీకుతూనే ఉండేవాడు. నిజానికి ఆ అబద్ధంలో కొంత నిజమే ఉందని ఆయన లోపల నమ్మేవాడు. అల్లుడు వెనక పెట్టమని అడిగాడు కదా. వెనక పెట్టి ఉంటే అసలు తాడే ఉండేది కాదు. ఏ నిచ్చెనెక్కినా ఈ ఆలోచన ఆయనతోపాటే ఎక్కేది.

సైమి ఒకసారే అడిగింది. "ఏమయ్యా, ఉప్పు లేని చేపల సూప్ నువ్వు మెచ్చుకున్నావంటే నమ్ముతాను. గీకకుండా బిగించావంటే నేను నమ్మను. ఏం దాస్తున్నావు?" ఓయ్వా లేచి పొయ్యిలో కట్టె వేశాడు. "సరే, దాచుకో. ఎవరి కోసం దాస్తున్నావో నాకర్థమైందిలే" అంది. కూతురింటికి ఒక్కతే వెళ్ళి వచ్చేది. నోరు మాత్రం విప్పలేదు. ఏళ్ళ తర్వాత ఆ సంగతి తనతోనే తీసుకుని చనిపోయింది. అంత్యక్రియల్లో హెల్వి తండ్రికి ఎదురుగా నిలబడింది, పక్కన నిలబడలేదు.

ఆ తర్వాతి శరదృతువులో ఒక శనివారం హెల్వి వచ్చింది. బంగాళాదుంప ముద్ద, పుల్లటి లింగన్ అడవి పళ్ళు పెట్టి కాల్చిన రై ధాన్యపు రొట్టెలు తెచ్చింది. ఓయ్వా ఆవిరి స్నానానికి సౌనా గది ముందు కట్టెలు చీలుస్తున్నాడు. జుట్టు మొత్తం తెల్లబడిపోయింది. ఆమె జుట్టూ నెరిసింది. మెట్టు మీద ఆయన పక్కనే కూర్చుంది.

"నాన్నా, నిన్ను క్షమించేశాను. ఆ మాట చెప్దామనే వచ్చాను. ఇంక మొయ్యలేను."

"సంతోషం తల్లీ."

"ఒక్క సంగతి చెప్పు. నా మాటైనా ఆయనకి వినబడిందా?"

"వినబడింది. స్టేషన్ సెట్టు పెద్దది కదా, నీ మాట చక్కగా చేరుతుంది. చివరిదాకా నీ గొంతు వింటూనే ఉన్నాడు."

ఆమె ఏడ్చింది. ఆయన ఆమె వీపు నిమిరాడు, చిన్నప్పుడు నిమిరినట్టే. ఆ రోజు గురించి ఆయన ఆమెకు చెప్పిన మాటల్లో నిజం అదొక్కటే.

కాసేపటికి ఆమె ముక్కు తుడుచుకుని అంది: "నీకు తెలీదు నాన్నా. నువ్వొచ్చి నీ తప్పని చెప్పేదాకా, నేనే చంపుకున్నాననుకున్నాను. ఆ తాడు విప్పలేదనుకున్నాను. నువ్వు ఆ మాట చెప్పకపోయుంటే ఆ రోజే సరస్సు మీద ఆ మంచు విరిగిన చోటికి నడిచి వెళ్ళిపోయేదాన్ని. కోటు కూడా వేసుకున్నాను."

ఓయ్వా లేచాడు. పొయ్యి అంటించి వస్తానని లోపలికి వెళ్ళాడు. పొగాకు డబ్బా తీశాడు. అందులో పొగాకు ఎప్పుడూ లేదు. ఎర్ర తాడు అడుగున చుట్టుకుని ఉంది, రంగు కాస్త వెలిసింది. బిర్చి చెట్టు బెరడు మీద దాన్ని పెట్టి అగ్గిపుల్ల గీశాడు. పూర్తిగా కాలేదాకా పొయ్యి తలుపు మూయకుండా చూస్తూ మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"నాన్నా, ఏదో ఉన్ని కాలుతున్న వాసనొస్తోంది!" అంది హెల్వి బయటినుంచి.

"నా చేతితొడుగమ్మా. పొయ్యిలో పడిపోయింది."

హెల్వి నవ్వింది. ఇన్నేళ్ళలో ఆయన విన్న మొదటి నవ్వు అది.

"ఏ పనీ ఒళ్ళు దగ్గర పెట్టుకుని చెయ్యవు కదా నువ్వు!"

"అవునమ్మా" అన్నాడు ఓయ్వా.