తెల్ల పెంకు మీద ఎర్ర గీత

మూతపడ్డ గని చుట్టూ పోసిన రాళ్ళ గుట్టల రంగు చూస్తే లోపల ఏముందో కొంతవరకు తెలుస్తుంది. మట్టి మసిలా ఉంటే మాంగనీసు. తుప్పు పట్టినట్టుంటే ఇనుము. వాన నీరు పసుపు కలిపినట్టు కారుతుంటే అదీ ఇనుమే. తెల్ల సుద్ద బయటపడితే ఖనిజం అక్కడితో అయిపోయిందేమోనని అనుమానించాలి. అయితే పైరంగు మోసం చేస్తుంది. అందుకని రాయిని పగలగొట్టి, పూత లేని తెల్ల పింగాణీ పెంకు మీద గీసి చూడాలి. గీత రంగే అసలు రంగు. మాంగనీసుకు నల్ల గీత, ఇనుప రాయికి ఎర్ర గీత.

ఇదంతా నాకు చదువులో బాగానే వచ్చింది. కళ్ళకే రాలేదు. ముదురు ఎరుపు నాకు నలుపుగా కనిపిస్తుంది. ఉద్యోగాల వైద్య పరీక్షల్లో చుక్కల బొమ్మలు చూపించి అంకె చెప్పమంటారు. నాకు చుక్కలే కనిపించేవి.

చివరికి విశాఖలో ఒక చిన్న కాంట్రాక్టరు పనిచ్చాడు. గరివిడి వైపు పాత మాంగనీసు గనుల దగ్గర రాళ్ళు ఏరి, నల్ల గీత వచ్చినవి ల్యాబుకు పంపాలి. నా కళ్ళ సంగతి ముందే చెప్పాను. "అయితే రంగు చెప్పే మనిషిని ఎవర్నైనా తోడు తీసుకెళ్ళు బాబూ. ఆ మనిషికి కూలి మాత్రం అడక్కు" అన్నాడాయన.

నా భార్యను తీసుకెళ్ళాను. ఆమె మా మేనమామ కూతురు. చిన్నప్పుడు బావా అనేది, పెళ్ళయ్యాకా అదే పిలుపు. గాజువాకలో మాది రెండు గదుల ఇల్లు. ఒక గదిలో అమ్మా నాన్నా, రెండో గదిలో చదువుకునే తమ్ముడు, ఆ గదికే మధ్యలో ఒక కర్టెను, కర్టెనుకు ఇవతల మేము. కొత్తగా పెళ్ళయిన మేమిద్దరం గొంతు తగ్గించకుండా మాట్లాడుకున్నది ఆ గుట్టల మీదే.

నేను రాయి పగలగొట్టి గీసేవాణ్ణి. ఆమె పెంకును ఎండకు పట్టి చూసేది.

"దీపం మసిలాగుంది బావా."

"నలుపు అను, చాలు."

"నలుపులో రకాలుండవేటి? మీ సదువులో అన్నిటికీ ఒకటే నలుపా?"

అలా నాకు కొత్త పట్టిక తయారైంది. దీపం మసి, గేదె వీపు, తడిసిన జుత్తు: ఇవి ఉంచుకోవలసినవి. ఇటుక పొడి, బెల్లం పాకం, ఎండు మిరప తొక్క: ఇవి పారేయవలసినవి. పారేసే రాళ్ళు రోజురోజుకూ ఎక్కువయ్యాయి.

ఒక మధ్యాహ్నం గుట్ట నీడలో అన్నం తింటుంటే కాంట్రాక్టరు ఫోను చేశాడు. చేతులు ఎంగిలి కాబట్టి స్పీకరు పెట్టాను. "ఇంక ఒక్క గొయ్యే మిగిలింది కదా. అదీ ఎర్రగా వస్తే ఆపేద్దాం. నువ్వు పోర్టు దగ్గర మన యార్డులో చేరిపో" అన్నాడు. యార్డులోకి బయటివాళ్ళను రానివ్వరు. ఆమె కూడా విన్నది. పచ్చడి ఇంకొంచెం వెయ్యనా అని అడిగింది, అంతే.

ఆ చివరి గొయ్యిలో రాళ్ళు గట్టివి. మెత్తటి మాంగనీసైతే వేళ్ళకు అంటి తెలిసిపోతుంది. గట్టి రాయికి గీత ఒక్కటే ఆధారం. గీశాను.

"నలుపే బావా."

"ఏ నలుపు?"

"నలుపంటే నలుపే."

నాకు కావలసిన మాట అదే. ఇంకేమీ అడగలేదు. తర్వాత గీసిన వాటికీ అదే మాట చెప్పింది. రాళ్ళను విడివిడిగా గుడ్డ సంచుల్లో కట్టుకుని రోడ్డు మీదికి వచ్చాం.

విశాఖ బస్సు కోసం నిలబడితే పక్కనున్న ఒకావిడ మా సంచులు చూసి, "ఏటమ్మా ఆ మూటలు?" అంది.

"రాళ్ళు పిన్నీ."

"అయ్యో రాత! మీ ఇశాపట్నంలో రాళ్ళు కూడా దొరకవేటి?"

మామూలు రోజైతే నా భార్య రెండింతలు జవాబిచ్చేది. ఆ రోజు ఊరికే నవ్వింది.

బస్సులో సంచులకు చీటీలు రాయడం మొదలుపెట్టాను. ఎప్పుడూ ఇంటికెళ్ళాక రాసేవాణ్ణి, ఆ రోజు ఉత్సాహం ఆగలేదు. చోటు, బరువు, గీత రంగు, రంగు చూసినవారు. ఆమె కిటికీ వైపు నుంచి ఇటు తిరిగి చదివింది.

"ఇక్కడ నా పేరెందుకు రాసినావు?"

"చూసింది నువ్వే కదా. రేపు ల్యాబువాళ్ళు అడిగితే చెప్పాలి."

"ఇన్నాళ్ళూ అన్నిటికీ రాసినావా?"

"అన్నిటికీ."

తర్వాతి చీటీ రాయబోతుంటే పెన్ను మీద చెయ్యి పెట్టింది.

"రాయకు బావా. అది ఎరుపు."

"ఏది?"

"అన్నీని. ఆ గొయ్యిలో ఒక్కటీ నలుపు లేదు." పెన్ను వదలకుండానే అంది: "పని ఆగిపోతే నువ్వు యార్డుకెల్లిపోతావు. నాను ఆ కర్టెనెనకాలే. ఈ గుట్టలకి నన్ను మల్లీ ఎవులు తీసుకొత్తారు?"

నాకు కోపం రాలేదు. నాకూ అదే దిగులు, బయటికి అనలేదు అంతే. సంచిలోంచి పెంకు తీసి చూశాను. ఎంత చూసినా నల్ల గీతే.

"ఎలా ఉందో చెప్పు."

"ఆరిపోయిన పారాణిలాగ."

"పెళ్ళిలో నీ కాళ్ళకు పెట్టింది నాకు నల్లగా కనిపించింది" అన్నాను.

"ఒలమ్మో! కాళ్ళు కడుక్కోకుండా పీటలెక్కిందనుకున్నావేటి?"

ముందు సీటాయన వెనక్కి తిరిగి చూసేదాకా నవ్వింది. తర్వాత కళ్ళు తుడుచుకుంది.

చీటీలు చించి మళ్ళీ రాశాను. రంగు, ఎరుపు. చూసినవారు, ఆమె. కాంట్రాక్టరుకు ఫోను చేసి చెప్పాను.

బస్సు మారడానికి మద్దిలపాలెంలో దిగి స్టాపులో బల్ల మీద కూర్చున్నాక అడిగింది, "ఏటన్నారు?"

"సోమవారం నుంచి యార్డు."

ఆమె తన చెంగుతో నా చేతి మీది రాతి పొడి దులిపింది. గాజువాక బస్సు వచ్చి ఆగింది. చాలా సీట్లు ఖాళీగా ఉన్నాయి. కండక్టరు మా వైపు చూసి, "గాజువాకేనా? రండి, రండి" అని పిలిచాడు. మేమిద్దరం లేవలేదు.