దీక్షా శిబిరంలో రష్యా రాజు

మా చరిత్ర సారు పోయారని మొన్న ఉదయం లింగాల ఘనపూర్ నుంచి ఫోన్ వచ్చింది. అది ఆయన సొంతూరు. రిటైరయ్యాక అక్కడే ఉంటున్నారు. భూపాలపల్లి నుంచి నేను చేరుకునేసరికి పాడె లేపడానికి సిద్ధమవుతున్నారు. ఆయన ముఖం చూడగలిగాను, అంతే.

నేను కురవి దగ్గరి తండా పిల్లని. ఇంట్లో మా భాష వేరు. మహబూబాబాద్ కాలేజీలో ఇంటర్ చేరినప్పుడు నోరు విప్పాలంటే భయం. సారు ఒకటే చెప్పేవారు: "పుస్తకం భాషల రాయి బిడ్డా. నీ భాషల అర్థం చేస్కో."

ఆ యేడు తెలంగాణ కోసం సమ్మె మొదలై కాలేజీ మూతపడింది. సారు కూడా సమ్మెలోనే ఉన్నారు. రోజూ దీక్షా శిబిరంలో కూర్చునేవారు. అయితే మమ్మల్నీ అక్కడికే రమ్మని, నినాదాలు ఆగినప్పుడల్లా పాఠం చెప్పేవారు. బోర్డు లేదు కదా, గొడుగు మొనతో తడి మట్టిలో పటం గీసేవారు.

ఒకరోజు రష్యాను మార్చిన రాజు గురించి చెబుతున్నారు. వెనకబడ్డ దేశాన్ని బలంగా నిలబెట్టాలని, రాజునన్న సంగతి దాచిపెట్టి, పరాయి దేశంలో వడ్రంగులతో కలిసి ఓడలు కట్టడం నేర్చుకున్నాడట. తిరిగొచ్చి సైన్యాన్ని, బడులను మార్చాడట, చివరికి మనుషుల గడ్డాలు కూడా గీయించాడట.

శిబిరం నడిపే పెద్దమనిషికి అది నచ్చలేదు. "రాజుల ముచ్చట్లెందుకు సారూ? మన లొల్లి చెప్పుండ్రి," అన్నాడు.

"రాష్ట్రం తెచ్చుకునుడు ఒక పని, నడుపుకునుడు ఇంకో పని. నడుపుడు నేర్సుకునేతందుకే గా రాజు సుత్తె పట్టిండు," అని సారు మళ్లీ పటం వైపు తిరిగారు. బురదనేలలో ఆ రాజు కట్టించిన కొత్త నగరం దగ్గరికి వచ్చారు.

నన్ను తీసుకుపోవడానికి వచ్చిన మా నాయిన వెనక నిలబడి వింటున్నాడు. కాలేజీ ఎట్లాగూ బంద్, మర్నాడు అందరం పత్తి ఏరడానికి వలస పోవాలి.

"గా ఊరు కట్టిన కూలోళ్లు ఏమైన్రు సారూ?" అన్నాడు నాయిన.

సారు దాచలేదు. "శానమంది అండ్లనే సచ్చిపోయిన్రు తమ్మీ. రాజు గొప్పోడే. గని మట్టి మోసినోళ్లను మనుషుల లెక్క జూడలే. రేపు మన రాష్ట్రమొస్తె, మోసుడు ఎట్లుంటదో తెల్సిన పిల్లలు కుర్సీల కూసోవాలె. గీ పిల్లను పత్తికి తోల్కపోకు."

"మేము పోకుంటె తిండి లేదు. గీమె ఒక్కతి తండల ఎట్లుంటది?"

"మా ఇంట్ల ఉంటది," అన్నారు సారు.

అమ్మానాయిన పత్తి నుంచి తిరిగొచ్చేదాకా వాళ్ల ఇంట్లోనే ఉన్నాను. సారు భార్య తన కంచం పక్కనే నా కంచం పెట్టేది. వంటింటి గడపలో కూర్చుని సారు పాఠాలు చెప్పేవారు. ఆ యేడు పరీక్ష రాసి పాసయ్యాను. కొన్నేళ్లకు రాష్ట్రమూ వచ్చింది. ఇప్పుడు భూపాలపల్లి కాలేజీలో నేనూ చరిత్రే చెబుతున్నాను.

నిరుడు సారు మా కాలేజీకి వచ్చారు. సాయంత్రం బస్సెక్కించడానికి నేనూ, కొందరు పిల్లలూ వెంట వెళ్లాం. బొగ్గు లారీలు పోయే ఆ రోడ్డు పక్కన ఒక అమ్మాయి ఆయన్ని ఏదో అడిగింది. బస్సు వచ్చి ఆగింది. కండక్టర్ పిలిచాడు. సారు చెయ్యెత్తి బస్సును పొమ్మని, ఆ అమ్మాయి వైపు తిరిగి, "ఆ, ఇగ చెప్పు బిడ్డా," అన్నారు.