వాగును వదిలారు

ఉద్యోగంలో చివరి ఏళ్ళు నేను తిరుపతిలో కాలుష్య నియంత్రణ విభాగం ఇంజనీరుగా పనిచేశాను. సత్యవేడు వైపు ఒక పారిశ్రామిక పార్కును విస్తరిస్తామంటే, ప్రజాభిప్రాయ సేకరణ జరిపించే పని నాకు పడింది. సభకు జాయింట్ కలెక్టరు అధ్యక్షులు. ఎవరేమన్నారో మినిట్స్‌గా రాసి, అక్కడికక్కడే తెలుగులో చదివి వినిపించాలి. అనుమతి ఇచ్చేది మాత్రం పైవాళ్ళు.

మునెమ్మ అనే రైతు మైకు అందుకుంది. "కంపెనీలు రావాల మేడం, నా కొడుక్కి పని కావాల. మా వరి కయ్యలకు నీళ్ళొచ్చే వాగును మాత్రం పూడ్సబాకండి."

వెనకనుంచి ఎవరో, "కూసోమ్మా, వచ్చే పనుల్ని చెడగొట్టబాక" అని కసిరారు. ఆమె కూర్చోలేదు.

తీరా మినిట్స్ చదివితే ఏముంది, మావాళ్ళు ఆమె మాటను 'అనుకూలం' కింద రాసి ఊరుకున్నారు! మా శాఖకు అదో జబ్బు. ఏ మనిషైనా సరే, ఉంటే అనుకూలం, లేదంటే వ్యతిరేకం. మునెమ్మ ఒప్పుకోలేదు. వాగు మాట చేర్పించి, మళ్ళీ చదివించుకున్నాకే కదిలింది. నాకు భలే ముచ్చటేసింది. అనుమతిలో 'వాగును పూడ్చరాదు' అన్న షరతు కూడా వచ్చింది.

పార్కు విస్తరణ పూర్తయింది, ఆ ఏటి వానలు కురిసి వెళ్ళాయి. మునెమ్మ బస్సెక్కి మా ఆఫీసుకు వచ్చింది.

"వాగును వదిల్నారు మేడం, నీళ్ళను యాడ పెట్టినారు?" అంది.

మర్నాడే వెళ్ళాను. పార్కు మేనేజరు ఉత్సాహంగా వాగు చూపించాడు. గట్లకు రాతి కట్టడం, పక్కన పూలమొక్కలు. లోపల చుక్క నీరు లేదు. ఎగువ నేలంతా మట్టి పోసి ఎత్తు చేశారు. అక్కడ కురిసిన వాన సిమెంటు కాలువల్లో అవతలి వైపుకు పోతోంది. షరతు ఎక్కడ తప్పామో చెప్పమన్నాడతను. ఒళ్ళు మండింది. కానీ నిజానికి వాళ్ళు తప్పలేదు, షరతు మీరితే తప్ప నోటీసు ఇవ్వలేం. కాలువలు ఇటు మళ్ళించమని ఉత్తరం రాస్తే, ఇప్పుడు వాలు మార్చడం కుదరదని జవాబొచ్చింది.

ఆ సంగతి చెప్పడానికి వెళితే మునెమ్మ అరవలేదు. కొడుకు పార్కులోనే పనికి చేరాడట.

"వాడి జీతంతో బియ్యం కొంటాండాము మేడం" అంది.

వాగును కాపాడమని రాస్తే చాలదు, అందులోకి నీళ్ళు దిగే వాలునూ కాపాడమని రాయాలి. రిటైరయ్యే దాకా ప్రతి ఫైలులోనూ ఆ వాక్యం పెట్టించాను. కొన్ని ఊళ్ళకు పనికొచ్చింది. మునెమ్మ కయ్యల్లో తుమ్మ మొలిచింది.