ఈ పొద్దున్నించే సార్

ఎమ్మిగనూరు పశువుల డాక్టరుగారు కాలం చేశారని బస్సులో కండక్టరు చెబితే తెలిసింది. అప్పటికే వారమైంది. ఆయనకు చెప్పవలసిన మాట ఒకటి నా దగ్గరే మిగిలిపోయింది.

పశువును ముట్టుకునే ముందు ఆయన చెప్పులు విడిచేవారు. "దానికి నోరు లేదు. మీరే మాట్లాడాల" అని ఇంటివాళ్లతో అనేవారు.

పదేళ్ల కిందట, పెద్దకడుబూరులో మా ఎద్దుకు మూత్రం ఆగిపోయింది. మా ఆయన పత్తి అమ్మడానికి ఆదోని వెళ్లారు. నేను డాక్టరుగారికి కబురు పెట్టలేదు. ఇంటి దేవునికి ముడుపు కట్టి, ఎద్దు నొసట విభూతి పెడుతూ మూడు రోజులు గడిపాను. నాలుగో రోజు పొద్దున మా ఆయన తిరిగొచ్చి, ఎద్దును చూసి, డాక్టరుగారిని పిలుచుకొచ్చారు.

"ఎప్పట్నుంచి పోయలేదమ్మా?"

అన్నాళ్లు ఊరకున్నందుకు సిగ్గేసింది. "ఈ పొద్దున్నించే సార్" అన్నాను.

నా గొంతు ఆయనకు సరిగా వినబడలేదు. మా ఆయన నవ్వి, "ఈ పొద్దున్నించేనంట. మా ఇంటామె దేవునితో తప్ప ఎవరితోనూ మాట్లాడదు సార్" అన్నారు.

"దేవునికి సెప్పేదాంట్లో సగం నాకు సెప్తే సాలమ్మా" అన్నారు డాక్టరుగారు, పుస్తకంలో రాసుకుంటూ.

తరువాత రక్తం తీసి ఐసు ఫ్లాస్కులో పెట్టారు. "కిడ్నీలు ఉన్నట్టుండి ఆగిపోతే ఒంట్లో హార్మోన్లు గూడా తారుమారైతాయమ్మా. కొన్ని రక్తంలోనే పేరుకుంటాయి, కొన్ని తగ్గిపోతాయి. ఎన్ని గంటలకు ఏది మారుతాదో తెలిస్తే ఇంకో పశువన్నా బతుకుతాది" అన్నారు. ఆ ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకొని ఆదోని రైలుకు పోయినారు, దూరాన ఉన్న ల్యాబుకు పంపడానికి. సాయంత్రానికి ఎద్దు కన్నుమూసింది.

కొన్నాళ్లకు ఆయనే మా ఇంటికి వచ్చారు. "ల్యాబు లెక్కలు వచ్చినాయమ్మా. ఇట్లా మూత్రం ఆగిన పశువులన్నిటి రక్తమూ ఒక దారిగా ఉంది. మీ ఎద్దుదొకటే కలవలేదు. ఒక్క పూటలో హార్మోన్లు అంతగా మారవు. రక్తం నేనే సెడగొట్టినానేమో" అన్నారు.

మజ్జిగ ఇచ్చాను. ఆ మూడు రోజుల మాట చెప్పకుండానే పంపేశాను. ఆ తరువాత ఎన్నిసార్లు ఎదురుపడినా, మళ్లీ చెబుదాంలే అనుకున్నాను.

మొన్న పలకరించడానికి వెళ్తే ఆయన భార్య ఆ పుస్తకం తెచ్చి, "మీ ఊరి పేరుంది సూడక్కా" అన్నది. మా ఎద్దు వివరం ఉన్న పుట తీశాను. 'ఈ పొద్దున నుండి' అని ఉంది. దాని కింద ఎర్ర సిరాతో, 'కలవలేదు. పొరపాటు నాదే.'

ఆమెకు అంతా చెప్పాను. ఆమె లోపలికి వెళ్లి ఆయన పెన్ను తెచ్చి నా చేతిలో పెట్టింది. ఎర్ర అక్షరాల కింద, 'మూడు రోజుల నుండి' అని రాశాను.

సిరా ఆరేదాకా ఇద్దరం ఆ పుస్తకాన్ని తెరిచి పట్టుకొని కూర్చున్నాం.