స్టీరింగుకి కట్టిన ఎర్రగుడ్డ

"...కింద నుంచి ఎక్కాలి, పై నుంచి బయటికి రావాలి. నీళ్ళ సంగతే అంత. తిరగేసి బిగించావనుకో, మధ్యలో గాలి కూర్చుంటుంది. గాలి కూర్చున్న చోట నీళ్ళు తిరగవు. రాసుకున్నావా?"

"రాసుకున్నాను మేస్త్రీ."

"రాసుకుంటే ఏమొస్తుంది! ఈ క్లిప్పు పట్టుకో."

మా ముందు ఒక పాత పెట్రోలు లారీ బానెట్ తెరుచుకుని ఉంది. దాని ఇంజిన్లో కాగిన నీళ్ళను ఒక గొట్టం, పెట్రోలూ గాలీ కలిపే కార్బ్యురేటర్ కిందున్న మానిఫోల్డు దిమ్మలోకి తీసుకెళ్తుంది, ఇంకోటి వెనక్కి తెస్తుంది. చలిలో పెట్రోలు ఆవిరి కావాలంటే ఆ వెచ్చదనం ఉండాలి. బిగించే ముందు ప్రతి గొట్టాన్నీ నోట పెట్టుకుని ఊదుతాడాయన. అందుకే చుట్టుపక్కల షెడ్ల వాళ్ళకి ఊదుడు మేస్త్రీ అయ్యాడు.

"ఎండాకాలం ఈ వేడి అక్కర్లేదు. పెట్రోలు మరిగిపోయి బండి మొరాయిస్తుంది. అందుకని గొట్టాలు విప్పి, దారులకి బిరడాలు కొట్టి, స్టీరింగుకి ఎర్రగుడ్డ కట్టేవాళ్ళం. చలి మొదలవగానే ఆ గుడ్డ చూసి మళ్ళీ కలుపుతాం. ఏ షెడ్డుకి పోయినా అదే పద్ధతి."

అంతటితో ఆగి గేటు వైపు చూశాడు. అక్కడ స్టూలు మీద వాళ్ళక్క కూర్చుని ఉంది, మాకు వీపు పెట్టి.

"ఒక ఏడు వర్షాల్లో మా బావ ఈ బండే తెచ్చాడు, రేడియేటర్ పొగలు కక్కుతోందని. మూత ముట్టుకుంటే కాలిపోతోంది. చేతికి గుడ్డ దొరకలేదు. ఎర్రగుడ్డ కనబడింది. విప్పి, దాంతోనే మూత తీశాను. తీసి మసిగుడ్డల డబ్బాలో పడేశాను. బావ ఒకటే నవ్వు. 'నీ చేతులకి గుడ్డెందుకురా బామ్మర్దీ, ఏనుగు తోలు కదా!' అని."

చలికాలం వచ్చింది. గుర్తు చేసే గుడ్డ లేదు. ఆ బావ మంచులో కొండెక్కుతుంటే, వేడి అందక కార్బ్యురేటర్ గొంతులో తేమ గడ్డకట్టి ఇంజిన్ ఆగిపోయింది. ఆ బండికి బ్రేకుల బలం ఇంజిన్ నుంచే వస్తుంది. లోడుతో వెనక్కి జారి, మూడో మలుపు కింద లోయలో తేలింది. బావ దక్కలేదు. మేస్త్రీ తనే దిగి బానెట్ ఎత్తి చూశాడు. తాను కొట్టిన బిరడాలు కొట్టినట్టే ఉన్నాయి. ఎవరూ అడక్కుండానే అక్కకి చెప్పేశాడు. ఆమె అతనితో మాట్లాడి పదకొండేళ్ళయింది.

ఇప్పుడు ఆ లారీనే అక్క కూతురు, మేస్త్రీ మేనకోడలు, బాగు చేయించుకుంటోంది. మిగతా షెడ్ల వాళ్ళు ఈ గొట్టాల గొడవ ఎందుకు, మూసేద్దామన్నారట. అందుకే ఇక్కడికి తెచ్చింది. తల్లి కూడా వచ్చింది, మాట మాత్రం కలపలేదు.

"మావయ్యా, పాఠాలు తర్వాత చెప్పుకో! మధ్యాహ్నం దాటితే కొండ మీద మంచు దిగుతుంది" అని కేబిన్లోంచి అరిచింది ఆ పిల్ల.

"వస్తున్నా తల్లీ. మీ నాన్న తొందర నీకూ వచ్చింది" అన్నాడు. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

ఆ పిల్ల ఇంజిన్ స్టార్టు చేసింది. పావుగంట ఆగి, మానిఫోల్డు నుంచి వెనక్కి వచ్చే గొట్టాన్ని పట్టుకున్నాడు మేస్త్రీ. చేతికి ఏమీ తెలియలేదు. ఏళ్ళ తరబడి వేడి మూతలు విప్పీ విప్పీ ఆ వేళ్ళు మొద్దుబారిపోయాయి. వంగి చెంప ఆనించాడు. ఒక్క క్షణం ఉంచి నా దగ్గరికి వచ్చేశాడు.

"వెచ్చగానే ఉన్నట్టుంది" అన్నాడు నెమ్మదిగా. "కానీ నా చెంపని నేను నమ్మను. అది వెచ్చగా ఉండాలనే నాకుంటుంది కదా."

నా చేతిలోంచి పుస్తకం లాక్కున్నాడు.

"నువ్వెళ్ళి పట్టుకో. పై గొట్టం, ఇప్పుడు నేను పట్టుకున్నదే. నీళ్ళు తిరుగుతుంటే పది లెక్కపెట్టేలోపు చెయ్యి వదిలేస్తావు. వదలకుండా పట్టుకోగలిగావంటే బండి కదలకూడదు. ఏ సంగతైనా నాకు చెప్పకు. తిన్నగా వెళ్ళి మా అక్కకి చెప్పు."