మంచు కింద ఎర్ర డేగ

మా మేస్త్రీ పోయాడని ఆయన కొడుకు ఫోన్ చేసి చెప్పాడు. జగిత్యాల దగ్గర సొంత ఊర్లోనే, భార్య పక్కన ఉండగానే పోయాడట. అప్పుడు నేను జెద్దాలోని మా ఐస్ రింకు కౌంటర్ వెనక, మంచు మీద జారడానికి అద్దెకిచ్చే బూట్లు తుడుస్తున్నాను. ఫోన్ పెట్టేసి మళ్ళీ బూట్లే తుడిచాను.

బయట ఎండకు కాళ్ళు కాలుతుంటే లోపల మంచు పరిచేవాడాయన. కొన్నేళ్ళ కిందట ఓ కంపెనీ ఇక్కడ ఐస్ హాకీ జట్టు పెట్టింది. జీతాలిచ్చి విదేశాల నుంచి ఆటగాళ్ళను తెచ్చింది. జట్టు గుర్తు ఎర్ర డేగ. రింకు నడిమధ్య దాన్ని దిద్దింది మేస్త్రీయే. దాని మీద పలచగా నీళ్ళు చల్లి, గడ్డకట్టాక మళ్ళీ చల్లి, అద్దంలా చేశాడు.

"ఆగమాగం జేస్తే పగుల్తది కడప తమ్మీ. నీళ్లకు గూడ టైమియ్యాలె" అనేవాడు నాతో. నాది కడప.

మ్యాచ్‌లకు జనం వచ్చేవారు కాదు. టీవీలో కుర్చీలు ఖాళీగా కనిపించకూడదని క్లీనర్లకూ డ్రైవర్లకూ దుప్పట్లిచ్చి కూర్చోబెట్టేవారు. ఆటగాళ్ళు కర్రలతో కొట్టే నల్ల రబ్బరు బిళ్ళ ఎటు పోతోందో మాకు కనపడేది కాదు. మేస్త్రీ లేచి చప్పట్లు కొడితే మేమూ కొట్టేవాళ్ళం. ఓసారి ఎదుటి జట్టు గోల్ కొట్టినా లేచి కొట్టాడు. మేమూ కొట్టాం. మా ఆటగాళ్ళు గుడ్లప్పగించి మా వైపు చూశారు.

"వాళ్ళు గూడ కష్టపడ్డరు గదరా" అంటూ కూర్చున్నాడు.

ఆడింది ఒక్క సీజనే. కంపెనీ చేతులెత్తేసింది, ఆటగాళ్ళు సంచులు సర్దుకుని వెళ్ళిపోయారు. "టీమ్ ఖలాస్. ఆ బొమ్మ తీసెయ్" అన్నాడు మేనేజర్. తీయాలంటే మంచు మొత్తం కరిగించాలి. మేస్త్రీకి మనసొప్పలేదు. డేగ మీద తెల్ల రంగు కొట్టి, పైన మళ్ళీ నీళ్ళు చల్లాడు. "మళ్ళొస్తరు. అప్పుడు పైపైన గీకితే సాలు" అన్నాడు.

ఆ ఏడే ఆయన ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకుని, ఇక తిరిగి రాకుండా ఇంటికి పోవాల్సింది. "ఇంకొక్క సీజన్ ఆడనియ్యి, వస్త" అని భార్యకు ఫోన్‌లో చెప్పి, కాసేపు నా బూట్ల మధ్య కూర్చునేవాడు.

"వాళ్ళింక రారు మామా, నువ్వు ఇంటికి పో" అన్నాను.

"నువ్వు బూట్లు తుడువ్" అన్నాడు.

రంజాన్‌లు గడిచాయి, మేనేజర్లు మారారు. జట్టు రాలేదు. చివరికి జబ్బుపడి వీల్‌చెయిర్‌లో విమానమెక్కాడు. ఇంట్లో ఎన్నాళ్ళో ఉండనేలేదు. ఆయన మీద నాకు కోపంగానే ఉంది. ఎవరి జట్టు కోసం ఎవరిని ఎదురుచూసేలా చేశాడు? అయినా నేను చేరిన కొత్తలో చలికి వణుకుతుంటే తన స్వెటర్ విప్పి ఇచ్చింది ఆయనే. ఇప్పటికీ డ్యూటీలో అదే వేసుకుంటాను.

నిన్న మరమ్మతులకని, మంచును గడ్డకట్టించే చిల్లర్లు ఆపారు. ముందు తెలుపు కరిగింది. మధ్యాహ్నానికి డేగ బయటపడింది, రెక్కలు చాచుకుని, దిద్దిన రోజు ఉన్నట్టే.

"యే క్యా హై?" అన్నాడు కొత్త మేనేజర్.

"హమారే మేస్త్రీ కా" అన్నాను.

నీళ్ళు తోసెయ్యమని అందరికీ వైపర్లిచ్చారు. సాయంత్రానికి ఎర్ర నీళ్ళు నా చెప్పుల పక్క నుంచి మెల్లగా డ్రైనేజీ వైపు కదిలాయి. వెనక నుంచి మేనేజర్ "యల్లా, యల్లా" అంటూ తొందరపెడుతున్నాడు. నేను వైపర్ గోడకు ఆనించి నిలబడ్డాను. ఆ నీళ్ళకు టైమిచ్చాను.