మార్లిస్ దాచిన లోపం

హాల్‌విక్ చుట్టుపక్కల పశువులున్న ప్రతి ఇంట్లోనూ మార్లిస్ ఓస్‌బీ చేతుల్లో పెరిగిన కుక్క ఒకటైనా ఉంటుంది. నార్త్ డకోటా గాలికీ మంచుకీ తట్టుకుని, మొండి ఆవుని మడమ దగ్గర కొరికి మందలోకి తోలే కుక్కలవి. ఇరవై ఎనిమిదేళ్లుగా వాటిని పెంచడమే ఆమె పని. భర్త పోయాక అవే తోడు కూడా. మాట మాత్రం కుండబద్దలు కొట్టినట్టు ఉంటుంది. ఎవరైనా వేరేచోట కొన్న పిల్లని తెచ్చి చూపిస్తే, "వెనక కాళ్లు చూసుకున్నావా? నిన్నెవరో నిలువునా ముంచారు" అని మొహం మీదే అనేసేది. అందుకే జనానికి ఆమె మాటంటే గురి.

ఆ ఏడు మార్చిలో పుట్టిన పిల్లల్లో ఒక మగదాన్ని లొరెట్టా హాగెన్ తీసుకుంది. లొరెట్టా బడిలో వంట చేస్తుంది. మార్లిస్‌కి నలభై ఏళ్ల స్నేహితురాలు. ఎనిమిది వారాల పిల్లని అప్పగించే ముందు మార్లిస్ అలవాటు ప్రకారం దాని ఒళ్లంతా తడిమింది. పళ్లు, చెవులు, బొడ్డు చూసింది. వెనక కాళ్ల మధ్య రెండు విత్తులు తగలాల్సిన చోట ఆమె వేళ్లకి ఒక్కటే తగిలింది. మళ్లీ వెతికింది. రెండోది కిందికి దిగలేదు, కడుపులోనే ఉండిపోయింది.

"ఏంటే అంతసేపు? బాగానే ఉన్నాడా?" అంది లొరెట్టా.

"బాగున్నాడు" అంది మార్లిస్.

కొన్నిటికి ఆలస్యంగా దిగుతుందిలే అని తనకి తాను సర్దిచెప్పుకుంది. కానీ అయిదేళ్ల క్రితం, ఇదే తండ్రికి, అంటే ఆమె దగ్గరున్న రస్టీ అనే మగకుక్కకి పుట్టిన ఇంకో పిల్లకీ ఇలాగే ఉండటం ఆమె మరిచిపోలేదు. దాన్ని కూడా ఏమీ చెప్పకుండానే మోంటానాలో ఆవుల్ని మేపుకునే ఎల్రాయ్ నస్‌కి ఇచ్చేసింది. ఈ లోపం పుట్టుకతో, తల్లిదండ్రుల నుంచి వచ్చేది. బయటపడితే రస్టీని జత కట్టించడం మానుకోవాలి. ఆమెకి పేరు తెచ్చిపెట్టిందే రస్టీ.

సెప్టెంబరులో లొరెట్టా, ఆమె భర్త వెర్న్ కుక్కని వెంటేసుకుని వచ్చారు. దానికి పికిల్ అని పేరు పెట్టుకున్నారు.

"పశువుల డాక్టరమ్మ చూసింది. ఒకటి లోపలే ఉండిపోయిందట, ఇంక దిగదట" అంది లొరెట్టా. "రెండూ తీయించెయ్యమంటోంది. లోపల వదిలేస్తే పెద్దయ్యాక గడ్డ పుట్టొచ్చంటోంది."

"పనికుక్కని కోయించడమేంటి నా బొంద!" అన్నాడు వెర్న్. "బయటున్నది చాలదా? మా తమ్ముడి ఆడకుక్కతో కట్టించి పిల్లల్ని తీద్దామనుకుంటున్నా. నువ్వు చెప్పు మార్లిస్, నువ్వేమంటే అదే."

డాక్టరమ్మ చెప్పింది అక్షరాలా నిజమని మార్లిస్‌కి తెలుసు. వాకిట్లో రస్టీ ఎండకి పడుకుని ఉంది.

"చేతిలో కత్తి ఉంటే ఈ డాక్టర్లకి ఊరికే ఉండబుద్ధి కాదు" అంది. "ఏడాది నిండేదాకా చూడండి."

"విన్నావా!" అని వెర్న్ తొడ చరుచుకున్నాడు. కోతంటే లొరెట్టాకీ భయమే. హమ్మయ్య అనుకుని, వెళ్తూ వెళ్తూ మార్లిస్‌ని కౌగిలించుకుంది. ఆ కౌగిలిలో మార్లిస్ కొయ్యలా నిలబడిపోయింది.

ఆదివారం ప్రార్థనయ్యాక చర్చి కింది గదిలో అందరూ కాఫీ తాగుతుంటే లొరెట్టా బల్లబల్లకీ వెళ్లి చెప్పింది. "మార్లిస్ ఉండబట్టి సరిపోయింది కానీ, లేకపోతే పిల్లాణ్ణి అన్యాయంగా కోయించేసేవాళ్లం!" మార్లిస్ కేకు పళ్లెం పక్కన పెట్టేసింది. లేచి వెళ్లి, కడిగిన కప్పునే మళ్లీ కడిగింది.

మంగళవారం పొద్దున్నే ఎల్రాయ్‌కి ఫోన్ చేసింది. తర్వాత దిగిందని అతను అంటే చాలు, తన మాటకి కాస్త ఆధారం దొరుకుతుందని ఆశ.

"నీ కుక్కకి... ఆ రెండోది దిగిందా ఎల్రాయ్?"

అవతల ఎల్రాయ్ బకెట్ కింద పెట్టిన చప్పుడైంది.

"అయితే నీకు తెలుసన్నమాట" అన్నాడు. "దిగలేదు. పోయిన చలికాలం కడుపుబ్బితే ఆసుపత్రికి తీసుకెళ్లాం. లోపల నిమ్మకాయంత గడ్డ. కోసి తీశారు, చావు తప్పింది. నీకు తెలీదేమో, తెలిస్తే బాధపడతావని నేనే చెప్పలేదు."

"నన్ను తిట్టు ఎల్రాయ్."

"ఆవులకి నీళ్లు పెట్టాలి" అని అతను ఫోన్ పెట్టేశాడు.

తిట్టి ఉంటే తేలిక పడేదేమో. తను పేరు కాపాడుకోవడానికి నోరు మూసుకుంటే, తన మనసు నొప్పించకూడదని ఎల్రాయ్ నోరు మూసుకున్నాడు. సిగ్గుతో ఆమెకి ఒళ్లంతా కుంచించుకుపోయింది. కోటైనా వేసుకోకుండా బండి తీసి లొరెట్టా ఇంటికి వెళ్లింది.

లొరెట్టా ఆపిల్ పళ్లకి చెక్కు తీస్తోంది.

"పికిల్‌కి ఆపరేషన్ చేయించు. డాక్టరమ్మ చెప్పిందే నిజం."

"మరి ఏడాది ఆగమన్నావుగా?"

"అబద్ధం చెప్పాను. రస్టీకి చెడ్డపేరొస్తుందని."

లొరెట్టా చెయ్యి ఆగింది. "నీకెప్పుడు తెలుసు?"

"నీకిచ్చిన రోజే."

"బాగున్నాడా అని అడిగాను."

"అడిగావు."

"నీ మొహంలోకి చూసి అడిగానే, మార్లిస్!"

పక్కగదిలోంచి వెర్న్ వచ్చాడు. "ఓరి దేవుడా! మా తమ్ముడికీ అంటగట్టబోయాం కదా!"

"నువ్వాగు" అంది లొరెట్టా. మార్లిస్ వైపు చూడకుండా, "ఇంక వెళ్లు" అంది.

ఆపరేషన్ రోజున మార్లిస్‌ని ఎవరూ రమ్మనలేదు. ఆసుపత్రి బయట బండిలోనే కూర్చుంది. వెర్న్ వచ్చి కిటికీ అద్దం మీద కొట్టాడు.

"లోపలిది చిక్కుడు గింజంత ఉందట. గడ్డా గిడ్డా ఏం లేదు. వాడు బాగున్నాడు."

"లొరెట్టా?"

"అది మాత్రం బాలేదు" అన్నాడు వెర్న్.

ఆ నెలలోనే రస్టీకీ ఆపరేషన్ చేయించింది. దాని పిల్లల్ని తీసుకున్న ప్రతి ఇంటికీ ఫోన్ చేసి అదే మాట చెప్పింది. కొందరు తిట్టారు. ఒకావిడ, "ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదు?" అని మెల్లగా అడిగింది.

నవంబరులో ఒక ఆదివారం, ఊరికి కొత్తగా వచ్చిన ఒక జంట చర్చి కింది గదిలో కాఫీ బల్ల దగ్గర ఆమెని కుక్కపిల్ల కావాలని అడిగారు.

"రస్టీ పిల్లలు ఇంక ఉండవు" అంది మార్లిస్ గొంతు తగ్గించి. "వాడి సంతానంలో లోపం ఉంది. తెలిసీ దాచాను."

ఆ గదికీ వంటగదికీ మధ్యనున్న కిటికీ అవతల లొరెట్టా గిన్నెలు తోముతోంది. రెండు నెలలుగా ఆమె మార్లిస్‌తో ఒక్క మాటా మాట్లాడలేదు.

"చెప్పేదేదో గట్టిగా చెప్పు. ఇక్కడికి వినపడటం లేదు" అంది.

కప్పులు దించి అందరూ ఇటు తిరిగారు. మార్లిస్ చెవులు ఎర్రబడ్డాయి. లేచి నిలబడి, అందరికీ వినపడేట్టు మొదటి నుంచీ మళ్లీ చెప్పింది. లొరెట్టా చివరిదాకా విని, తలూపి, మళ్లీ గిన్నెలు తోమడంలో పడింది. అది క్షమించడమో కాదో మార్లిస్‌కి తెలియలేదు. అడిగే మొహం లేక కూర్చుండిపోయింది.